సాపుతారాకు సర్దిన సామాను

మూసిన తలుపు అవతల నిలబడి బాపు, "బండి దొరికింది" అన్నాడు.

లోపల నేను అవ్వకు పొట్టలో నీళ్లు మారుస్తున్నాను. ఆ పని జరిగే అరగంటా తలుపు, కిటికీ మూసి ఉండాలి. ఫ్యాను తిరగకూడదు. ముఖానికి మాస్కు ఉండాలి. ఎవరూ లోపలికి రాకూడదు. ఈ నియమాలన్నీ బాపుకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం ఆగలేకపోయాడు. తలుపు సందులోంచి మళ్లీ, "ఇనవడ్డదా? శేఠు ఇస్తనన్నడు. బాగు చేసుకొని తీస్కపొమ్మన్నడు" అన్నాడు.

అవ్వ నా వైపు చూసింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నీళ్లన్న దిగనియ్యుమను. గాయింత ఆగడా?" అంది. కాని ఆ కళ్లు నవ్వుతున్నాయి.

మా వైపు తల్లిని అవ్వ అనీ, తండ్రిని బాపు అనీ పిలుస్తాం. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. అదీ వాళ్లిద్దరికే. నేను పుట్టింది, పెరిగింది సూరత్‌లో, లింబాయత్‌లో. అక్కడి కార్పొరేషన్ తెలుగు బడిలోనే చదువుకుని, ఇప్పుడు అలాంటి బడిలోనే పొద్దుటిపూట చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. బాపు ఊరి బయట జోల్వాలో ఒక మిల్లులో సాంచలు బాగుచేసే మాస్టరు. బట్ట నేసే మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. నడుస్తున్న సాంచ పక్కన కళ్లు మూసుకుని నిలబడి, చప్పుడు విని, ఎక్కడ ఏ బోల్టు వదులైందో చెప్పగలడు. బాగు చేయలేని వస్తువు ఉంటుందని నమ్మని మనిషి.

ఇది జరగడానికి రెండేళ్ల ముందు అవ్వ కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. డాక్టరు రెండు దారులు చెప్పాడు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వచ్చి మిషను మీద పడుకోవడం ఒకటి. పొట్టకు ఒక గొట్టం అమర్చుకుని, ఇంట్లోనే రోజుకు నాలుగుసార్లు మందునీళ్లు ఎక్కించి దించుకోవడం రెండోది. "దవాఖాన్ల పండుకుంటె ఇల్లెవలు జూస్తరు?" అని అవ్వ రెండోదే కోరుకుంది. ఆసుపత్రి నర్సు నాలుగు రోజులు కూర్చోబెట్టి నాకు నేర్పింది. పొద్దున ఆరింటికి, బడినుంచి వచ్చాక పన్నెండున్నరకు, సాయంత్రం ఐదింటికి, పడుకోబోయే ముందు ఒకసారి. రెండు లీటర్ల సంచిని కొక్కేనికి తగిలించడం, చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం, గొట్టం మూత తీసి సంచికి కలపడం, పాత నీళ్లు దించడం, కొత్తవి ఎక్కించడం, కొత్త మూత పెట్టడం. దిగిన నీళ్ల సంచి కింద అచ్చుకాగితం పెట్టి చూడమంది నర్సు. అక్షరాలు చదవగలిగితే అంతా బాగున్నట్టు. నేను ఒకటో తరగతి వాచకం పెట్టేదాన్ని. రెండేళ్లపాటు రోజుకు నాలుగుసార్లు ఆ నీళ్లలోంచి "అల, వల, తల" చదివాను.

సాపుతారా మాట మొదట ఎత్తింది మా గల్లీ ఆడవాళ్లు. శ్రావణంలో అందరూ కలిసి బస్సు మాట్లాడుకుని ఆ కొండ మీదికి వెళ్లి వచ్చారు. వచ్చాక మా ఇంట్లో కూర్చుని, అడవి ఎంత పచ్చగా ఉందో, మబ్బులు రోడ్డు మీద ఎలా తిరిగాయో చెప్పారు. అవ్వ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"ఆడ సాంచల చప్పుడు ఇనవడదా?"

వాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు. మా గది కిందనే పన్నెండు సాంచలున్నాయి. గిన్నెలో పోసిన నీళ్లు కూడా మా ఇంట్లో కదలకుండా నిలవవు.

ఆ సాయంత్రం అవ్వ బాపుతో అంది: "ఇరవయ్యెనిమిదేండ్లాయె వచ్చి. సావులకు పోయినం. పెండ్లిళ్లకు పోయినం. ఏ పనీ లేకుంట ఒక్కపారన్న ఎటన్న పోయినమా?"

బాపు అన్నం తింటున్నాడు. ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. "పోదాం తియ్యి" అన్నాడు చివరికి.

పోవడమెలా? సాపుతారా చేరేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. అంతసేపు కూర్చుంటే అవ్వ కాళ్లు వాచిపోతాయి. దారిలో ఒకసారి నీళ్లు మార్చాల్సి వస్తుంది. కొండమీద లాడ్జి తీసుకుందామని నేనంటే, "ఎవలెవలో పండిన అర్రల నేను పొట్ట ఇప్పుకుంటనా?" అని కొట్టిపారేసింది. అప్పుడే నేను ఫోనులో, బండిలోనే మంచం, పొయ్యి, స్నానాలగది ఉన్నవాళ్ల వీడియో ఒకటి చూపించాను. తప్పు నాదే కావచ్చు. ఊరికే కాలక్షేపానికి చూపించాను. బాపు దాన్ని మూడుసార్లు తిప్పి తిప్పి చూసి, "గసొంటి బండి మా శేఠు తాన ఉన్నది" అన్నాడు.

నిజంగానే ఉంది. మిల్లు వెనక, తార్పాలిన్ కింద. శేఠు తన తల్లిని తీర్థయాత్రకు తీసుకెళ్లాలని టెంపో ట్రావెలర్‌ను అలా కట్టించాడట. ఆ పెద్దావిడ ఒక్కసారి ఎక్కి చూసి, వంట పొయ్యీ పాయఖానా ఒకే కప్పు కింద ఉన్నాయని ముక్కు మూసుకుని దిగిపోయింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బాపు అడిగితే శేఠు, "లే జావ్ మాస్టర్, పడీ పడీ సడ్ రహీ హై" అన్నాడట. ఊరికే పడి కుళ్లిపోతున్న బండి మావాళ్ల చేతికి వచ్చింది.

దీపావళి తర్వాత సూరత్‌లో సాంచలు రెండు మూడు వారాలు ఆగుతాయి. పనివాళ్లు ఊళ్లకు పోతారు. మా బడికీ అప్పుడే సెలవులు. మూడు రోజులు, రెండు రాత్రులు వెళ్లాలని అనుకున్నాం. భేస్తాన్‌లో బట్టల టెంపో నడిపే మా జిల్లా మనిషి ఒకాయన బండి నడపడానికి ఒప్పుకున్నాడు. ఇక చేయాల్సిందల్లా బండిని సిద్ధం చేయడమే. చేతిలో అయిదు వారాలున్నాయి.

మొదటి వారం నేను వెళ్లి చూశాను. పరుపులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. కుళాయిలోంచి తుప్పునీళ్లు వచ్చాయి. కిటికీల రబ్బర్లు ఎండి పెళుసైపోయాయి. ఇందులో నేను అవ్వ గొట్టం మూత తీయాలా? నర్సు మాటలు చెవిలో వినిపించాయి: చెయ్యి పొరపాటున మూత లోపలి అంచుకు తగిలినా చాలు, క్రిమి లోపలికి పోతుంది. బాపు మాత్రం చొక్కా చేతులు మడిచి, "నెలకు గుడి లెక్క జేస్త జూడు" అన్నాడు.

చేశాడు కూడా. షిఫ్టు అయిపోయాక రోజూ రెండు గంటలు అక్కడే ఉండేవాడు. పరుపు పారేసి కొత్తది వేశాడు. నీళ్ల ట్యాంకు విప్పి ఎండలో ఆరబెట్టాడు. గోడలను డెట్టాల్‌తో ఎన్నిసార్లు తుడిచాడో, ఇంటికి వస్తే ఆయన దగ్గర సాంచల నూనె వాసన పోయి ఆసుపత్రి వాసన వచ్చేది. పాత సాంచ నుంచి ఊడదీసిన ఇనుప కొక్కేన్ని బండి కప్పుకు బిగించి, దానికి నీళ్ల సంచి తగిలించి ఊపి చూపించాడు.

"గుంతల పడ్డా ఊడది" అన్నాడు.

"బండి ఆపుకుని మారుస్తం కదా బాపు."

"అయినా."

నేను ఇంట్లో జాబితా రాశాను. పన్నెండు సంచులు కావాలి, దేనికైనా మంచిదని పదహారు. మూతలు, క్లిప్పులు, మాస్కులు, సంచిని వెచ్చబెట్టే కరెంటు గుడ్డ, బీపీ మిషను, తూకం కొక్కెం. డాక్టరును అడిగితే, "శుభ్రంగా ఉంటే ఎక్కడైనా చేసుకోవచ్చు, వెళ్లిరండి" అన్నాడు. ఆ "శుభ్రంగా ఉంటే" అన్నమాటే నాతో ఇంటికి వచ్చింది.

అవ్వ తన జాబితా తాను చెప్పింది. మూడు రాళ్ల పొయ్యికి రాళ్లు అక్కడే దొరుకుతాయి. జొన్నపిండి కావాలి. రొట్టె కాల్చే ఇనుప పెంక కావాలి. ఆమెకు ఉప్పు, పులుపు, పప్పు అన్నీ కొలతే. "నేను తినకున్నా మంచిదే. ఆరుబయట రొట్టె గొట్టి మీకు పెడ్త" అంది. కొత్త చీర ఒకటి, గొట్టం మీద బిగుతుగా ఉండకుండా నాడాతో కట్టుకునే లంగాలు రెండు, మంకీ క్యాపు. పెట్టెలో పెట్టడం, మళ్లీ తీసి చూసుకోవడం.

మూడోవారం నూగు సంగతి బయటపడింది. సాంచలున్నచోట దారాల నుంచి రాలే సన్నటి పొట్టు గాలిలో తేలుతూ ఉంటుంది. దాన్ని మేం నూగు అంటాం. మేడ మీది మా గదిలోకి అది అంతగా రాదు కాని, జోల్వాలో చెట్ల ఆకుల మీద కూడా ఉంటుంది. బాపు శుభ్రం చేసిన మంచం మీద నేను ఒక నల్లగుడ్డ పరిచి, తలుపులన్నీ మూసి, గంట తర్వాత చూశాను. గుడ్డమీద తెల్లగా, సన్నగా, పొగమంచు పట్టినట్టు నూగు.

బాపు గుడ్డ దులిపి, కిటికీ సందులన్నిటికీ కొత్త రబ్బరు అతికించి, మళ్లీ పరిచాడు. గంట తర్వాత మళ్లీ తెల్లగా ఉంది. బండిని ప్రహరీ చివరకు, వేపచెట్టు కిందికి జరిపించాడు. అక్కడా అంతే. జోల్వా అంతా సాంచలే, ఎటు జరిపితే ఎటు పోతుంది? చివరికి మంచం చుట్టూ పైనుంచి కింది దాకా ప్లాస్టిక్ తెరలు కట్టి, బండి లోపల ఇంకో చిన్న గది చేశాడు. ఆ రోజు గుడ్డ మీద నాలుగైదు పోగులే కనిపించాయి. నాలుగైదు కూడా ఎందుకుండాలని ఆయన మోకాళ్ల మీద కూర్చుని, తడిబట్టతో ఒక్కొక్కటే అద్ది తీస్తుంటే నేను చూడలేకపోయాను.

"బాపు, కొండమీదికి పోయినంక ఉండదు కదా" అన్నాను.

"ముప్పై ఏండ్లు నేను పీల్చిన. నాకేం గాలే. ఆమె మీద పడద్దంటే ఆగదేందే ఇది?" అన్నాడు. నన్నడిగినట్టు లేదు.

నాలుగోవారం అవ్వను తీసుకెళ్లి చూపించాం. ఆటో దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మెట్టు ఎత్తుగా ఉంటే బాపు చెక్కపెట్టె తెచ్చి వేశాడు. ఒక చెయ్యి ఆయన పట్టుకుని, ఒక చెయ్యి నేను పట్టుకుని ఎక్కించాం. లోపల ప్రతి అర తలుపూ తెరిచి చూసింది. పొయ్యి మీద చెయ్యి పెట్టింది. కుళాయి తిప్పింది, మూసింది, మళ్లీ తిప్పింది. ప్లాస్టిక్ తెరలు చూసి, "ఇదేంది, నన్ను షోకేసుల పెడ్తున్నవా?" అంది. బాపు చాలా రోజుల తర్వాత పెద్దగా నవ్వాడు.

"ఇల్లుబండి" అని పేరు పెట్టింది అవ్వే. పన్నెండున్నర సంచి అక్కడే మార్చి చూద్దామని అనుకున్నాం. బాపు బయట కాపలా నిలబడ్డాడు. వాచ్‌మన్ ఏదో చెప్పడానికి వస్తే చెయ్యి అడ్డంపెట్టి ఆపేశాడు. పక్క షెడ్డులో సాంచలు నడుస్తుంటే బండి నేల సన్నగా వణుకుతోంది. కొక్కేనికి వేలాడే సంచిలో నీళ్లూ వణుకుతున్నాయి. మూత తీసిన ఆ రెండు క్షణాలు నేను ఊపిరి బిగపట్టాను. అవ్వ నా చేతులనే చూస్తోంది. ఎప్పుడూ అలా చూసేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఆ రోజు ఏ వేలు ఎక్కడ పెడుతున్నానో, ఏ క్లిప్పు ముందు తీస్తున్నానో కళ్లార్పకుండా చూసింది. భయపడుతోందని అనుకున్నాను.

దిగిన నీళ్ల కింద వాచకం పెట్టాను. "అల, వల, తల" తేటగా కనిపించాయి. తలుపు తీసి చెబితే బాపు రెండు చేతులూ మొహానికి అడ్డంపెట్టుకున్నాడు. అవ్వ ఆ మంచం మీదే నిద్రపోయింది. మేమిద్దరం చెక్కపెట్టె మీద కూర్చుని, ఆమె లేచేదాకా చాయ్ తాగాం.

దీపావళి వెళ్లింది. సాంచలు ఆగాయి. మా గది కింద కూడా ఆగాయి. సామానంతా బండిలో సర్ది పెట్టాం. పదహారు సంచుల డబ్బాలు మంచం కింద, జొన్నపిండి పై అరలో, ఇనుప పెంక పాతచీరలో చుట్టి పొయ్యి పక్కన. ఎల్లుండి తెల్లవారి బయలుదేరాలి.

ఆ సాయంత్రం ఐదింటి సంచి దించినప్పుడు కింద పెట్టిన వాచకంలో అక్షరాలు కనిపించలేదు.

లైటు వెలుగు చాలలేదేమోనని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. బియ్యం కడుగునీళ్లలాగా ఉన్నాయి. పుస్తకాన్ని ఇంకా దగ్గరగా ఆనించాను. ఏమీ లేదు, తెల్లటి మసక.

"అవ్వా, కడుపునొప్పి ఉందా?"

"లేదే. వట్టిగ గ్యాసు."

"ఎప్పటిసంది?"

నేను పొట్ట మీద చెయ్యి వేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పట్టులోనే ఎంత నొప్పి ఉందో తెలిసింది. నిన్నటి రాత్రి నుంచి ఓర్చుకుంటోంది. "ఎల్లుండి ఒక్కటి పోనియ్యి బిడ్డా. అచ్చినంక దవాఖానకు పోదాం" అంది. జ్వరంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

మసకనీళ్ల సంచిని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. బాపు దారిపొడవునా ఆ కవరును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పొట్టలోపల పొరకు ఇన్ఫెక్షన్ అన్నారు. సంచుల్లోనే మందు కలిపి ఎక్కించారు. ఒకరోజు తగ్గినట్టే ఉండేది, మర్నాడు మళ్లీ మసక. నేను వాచకం తీసుకెళ్లలేదు. అక్కడ గోడకున్న బోర్డు అక్షరాలే సంచిలోంచి చూసేదాన్ని. ఎనిమిదోరోజు డాక్టరు గొట్టం తీసేయాలన్నాడు. ఇక పొట్టలో నీళ్ల పద్ధతి కుదరదనీ, వారానికి మూడుసార్లు మిషను మీదికి రావాల్సిందేననీ చెప్పాడు.

"ఇది ఎందుకు వచ్చింది డాక్టర్?" అని బాపు హిందీలో అడిగాడు. "దుమ్ము వల్లనా? సన్న పోగులు, గాలిల తేలేటివి?"

"చాలా కారణాలుంటాయి. ఇదీ అని చెప్పలేం" అన్నాడు డాక్టరు.

బాపు తల ఊపి బయటికి వెళ్లిపోయాడు. ఆయన ఏం నిర్ణయించుకున్నాడో నాకు అర్థమైంది. నాకు మాత్రం నా చేతుల మీదే అనుమానం. ఆ రోజు బండిలో ఊపిరి సరిగ్గా బిగపట్టానా? మాస్కు ముక్కు పైనే ఉందా? అంతకుముందు రోజో, తర్వాత రోజో, నిద్రమత్తులో ఏదైనా తప్పు చేశానా? రెండేళ్లు చేసిన పని. ఒక్కొక్క సంచినీ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

గొట్టం తీసిన మర్నాడు మధ్యాహ్నం, బాపు మందులు తేవడానికి కిందికి వెళ్లినప్పుడు, అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"నీకొకటి చెప్పాలె. మీ బాపుకు చెప్పనంటేనే."

"చెప్పను. ఏంది?"

"నువ్వు పారేసిన సంచి ఒకటి నేను తీసి పెట్టుకున్న. బియ్యం డబ్బా ఎనుక. నువ్వు బడికి పోయినంక రోజూ తీసి, కలుపుడు, ఊడదీసుడు నేర్చుకున్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎందుకు?" అన్నాను.

"ఆడికి పోయినంక మూడొద్దులన్న నువ్వు ఊకె కూసుంటవని. రెండేండ్లాయె, నువ్వు గడియారం జూడకుంట ఒక్కనాడన్న ఉన్నవా? కొండమీద నేనే మార్సుకుంట, నువ్వు పొయ్యి తిరుగు అందామనుకున్న."

"వట్టి సంచితోనే కదా నేర్చుకున్నవు? నీ గొట్టం ఇప్పలేదు కదా?"

అవ్వ కప్పు వైపు చూసింది. "ఒక్కపారే ఇప్పి గా సంచికి కలిపిన. చేతులు మంచిగ కడుక్కున్న. మాస్కు పెట్టుకున్న. నువ్వెట్ల జేస్తవో గట్లనే జేసిన. మల్ల గదే మూత పెట్టుకున్న."

పాత సంచి. వాడేసిన మూత. వద్దని నాకు నర్సు నాలుగురోజులు చెప్పిన విషయాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా నేను అవ్వకు చెప్పలేదు. ఆమె నేర్చుకోవాలనుకుంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఆ రోజు బండిలో ఆమె నా చేతులను ఎందుకలా చూసిందో అప్పుడు తెలిసింది.

"దానితోనే అయ్యిందా?" అని అడిగింది. ఐదేళ్ల పిల్ల పలక పగలగొట్టి అడిగినట్టు అడిగింది.

"కాదవ్వా. డాక్టరు చెప్పలేదా, శాన కారణాలుంటయని" అన్నాను.

అవ్వ నమ్మిందో లేదో తెలియదు. నా చెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది.

ఆమెను ఇంటికి తెచ్చిన వారానికి నేనూ బాపూ జోల్వా వెళ్లాం, సామాను దించడానికి. ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి వస్తున్నారు. సగం సాంచలు మొదలయ్యాయి. బాపు బండి ఎక్కి, ముందుగా ప్లాస్టిక్ తెరలు విప్పాడు. వాటి ముడులు ఎంత గట్టిగా వేశాడంటే, విప్పలేక కత్తితో కోశాడు. నేను డబ్బాలు దించాను. పదహారు సంచులూ అలాగే ఉన్నాయి. జొన్నపిండికి పురుగు పట్టింది.

బాపు మంచం అంచున కూర్చుని పరుపు మీద అరచెయ్యి రాసి, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

"నేను ఈడికి తేకపోయేది ఉండె. ఈ నూగుల ఆమె గొట్టం ఇప్పిపిచ్చిన" అన్నాడు.

నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆయన గుండె మీది బరువు దిగిపోతుంది. కాని అది దిగి ఎక్కడికి పోతుంది? అవ్వ దగ్గరికే కదా. ఆయన ఆమెను ఒక్కమాట కూడా అనడు, నాకు తెలుసు. కాని రోజూ అన్నం పెట్టేటప్పుడు ఆయన మొహంలోకి ఆమె ఎలా చూస్తుంది? పైగా మాటిచ్చాను.

"బాపు, నేను మల్ల అడిగిన. నూగుతోని కాలేదన్నడు డాక్టరు. గదైతే గ్యారంటీగా కాదన్నడు" అని అబద్ధం చెప్పాను.

బాపు నా వైపు చూశాడు. కోపం లేదు. జాలి పడుతున్నట్టుగా ఉంది.

"డాక్టరుకు ఏమెరుక బిడ్డా. ముప్పై ఏండ్లసంది నూగుల ఉన్నోన్ని. అది ఎక్కడెక్కడికి పోతదో నాకెరుక" అన్నాడు.

ఇద్దరం డబ్బాలు ఆటోలోకి ఎక్కించాం. నేను ముందు ఎక్కి కూర్చున్నాను. ఆయన వెనక్కి వెళ్లి, బండి మీద తార్పాలిన్ కప్పి, నాలుగు మూలలూ తాళ్లతో కట్టి వచ్చాడు.

సంచులను భేస్తాన్‌లో అదే జబ్బున్న ఇంకొకరి ఇంటికి ఇచ్చేశాం. ఎండాకాలంలో శేఠు బండి అమ్మేశాడు. బాపు ఆ మాట చెబితే అవ్వ బెండకాయలు తరుగుతూ, "ఎవలు కొన్నరట?" అంది.

"భరూచోళ్లట."

"ఆడోళ్లున్నరా ఇంట్ల?"

"ఏమో. అడగలే."

అవ్వ ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు ఆసుపత్రికి వెళ్తుంది. బాపు తీసుకెళ్తాడు. వచ్చిన రోజు నీరసంగా పడుకుంటుంది. మర్నాడు లేచి పని చేసుకుంటుంది. సాపుతారా మాట ఎవరం ఎత్తం. నాకు రోజుకు నాలుగుసార్లు చేసే పని లేదు. ఆమె నాకు మూడురోజులు ఇద్దామనుకున్న తీరిక మొత్తంగా దొరికింది. ఏం చేసుకోవాలో మొదట్లో తెలిసేది కాదు. బడినుంచి వచ్చి ఊరికే గది మధ్యలో నిలబడేదాన్ని.

మొన్న మా బడి టీచరు పెళ్లికి నవ్‌సారి వెళ్లి, రెండురోజులు ఉండి వచ్చాను. అవ్వే పట్టుబట్టి పంపింది. వచ్చిన వెంటనే ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏం వండారు, ఎక్కడ పడుకోబెట్టారు, పొద్దున ఎన్నింటికి లేచావు, ఎవరెవరితో మాట్లాడావు అని అడిగింది. నిజానికి అక్కడ దోమలు కుట్టాయి. రాత్రంతా నిద్ర లేదు.

"శాన మంచిగుండె అవ్వా" అన్నాను.

"ఏం మంచిగుండె, వట్టిగ చెప్పకు. ఒక్కొక్కటి చెప్పు" అంది. ఒక్కొక్కటీ చెప్పాను. కొంత ఉన్నది, కొంత కల్పించింది. బాపు గోడకు ఆనుకుని వింటూ, ఎక్కడా అడ్డు రాలేదు.